కార్బైన్ గొట్టం కింద ఆ బుడిపె: నార్మండీ పారాట్రూపర్ బొమ్మ సరంజామాలో ఏది నిజం, ఏది కాదు

పెట్టెమీద “101వ ఎయిర్‌బోర్న్ డివిజన్, నార్మండీ, 1944 జూన్ 6” అని ఉన్న పన్నెండు అంగుళాల పారాట్రూపర్ బొమ్మను మీరు ఒకరి దగ్గర పాతది కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగిన రోజది. చూసిన మిత్రుడు “ఇందులో సగం సామాను ఆ రోజుది కాదు, డబ్బు దండగ” అన్నాడు. ఆ మాట నిజమేనా, నిజమైతే సరిదిద్దుకోవచ్చా, అమ్మేయడమే మేలా అని అడిగారు. మీరు పెట్టిన ఫొటోలన్నీ పెద్దవి చేసి, ఒక్కొక్కటి రెండేసి సార్లు చూశాను.

అమ్మకండి. మీ మిత్రుడు సగం అన్నారు గాని, నా లెక్కలో కచ్చితంగా తప్పని చెప్పదగినవి మూడే: కార్బైన్ (పొట్టి, తేలిక రైఫిల్), బూట్లు, చేతిమీది జెండా. కోటు చాలా బాగుంది. హెల్మెట్ సరైనదే, దాని పేరే తప్పు. మిగిలినవాటిలో కొన్ని వాదించుకోదగినవి, కొన్ని మీ మిత్రుడు తప్పనుకున్నా నిజానికి ఒప్పైనవి.

విడివిడిగా చెప్పే ముందు ఒక సంగతి. ఇలాంటి బొమ్మలను చూసేటప్పుడు చాలామంది “రెండో ప్రపంచ యుద్ధంలో ఇది వాడారా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నతో పని జరగదు. ఆ యుద్ధం ఆరేళ్లు సాగింది, ఆ ఆరేళ్లలో అమెరికా సైన్యం తన కోటు మార్చింది, పార మార్చింది, కాన్వాస్ రంగు మార్చింది. మీ బొమ్మ పెట్టెమీద తేదీ ఉంది. తేదీ వేసినవాడు ఆ తేదీకి కట్టుబడాలి. కాబట్టి మనం అడగవలసింది “1944 జూన్ 6 నాటికి ఈ వస్తువు ఈ సైనికుడి చేతికి అంది ఉంటుందా?” అని. అలా అడిగితే పాత వస్తువుకూ కొత్త వస్తువుకూ న్యాయం ఒకటి కాదని తెలుస్తుంది. పాత వస్తువు కొత్త రోజుల్లో కనిపించవచ్చు, ఎందుకంటే సైన్యం గోదాములో ఉన్నదాన్ని పారేయదు. కొత్త వస్తువు పాత రోజుల్లో కనిపించే ప్రసక్తే లేదు. మీ మిత్రుడు టీ ఆకారపు పిడి ఉన్న పారను చూసి “ఇది 1910 నమూనా, 1943లో మడత పార వచ్చింది కదా” అన్నారు. ఆయన చెప్పిన సంవత్సరాలు సరైనవే, తీర్పే తప్పు. 1910 నమూనా పారలు నార్మండీలో బోలెడు ఉన్నాయి, మడత పారలూ ఉన్నాయి. ఏది పెట్టినా ఒప్పే.

ఇక కార్బైన్. మీ బొమ్మ చేతిలో ఉన్నది ఎం1ఏ1, పారాట్రూపర్ల కోసం చేసిన మడత పిడి రకం. ఎంపిక సరైనదే. కానీ మీ మూడో ఫొటోలో గొట్టం ముందు భాగాన్ని దగ్గరగా చూడండి. ముందు సైటుకు కాస్త వెనుక, గొట్టాన్ని చెక్కకు బిగించే పట్టీ కింద, చిన్న బుడిపె ఒకటి ముందుకు పొడుచుకుని ఉంది. ఆరో వంతు స్కేలులో అది బియ్యపు గింజంత ఉంటుంది. బాయ్‌నెట్ తగిలించడానికి పెట్టిన బుడిపె అది. ఎం1 కార్బైన్‌కు మొదట బాయ్‌నెట్ లేదు. బుడిపె ఉన్న పట్టీ 1944 చివర్లో గాని తయారీలోకి రాలేదు, యుద్ధం ముగింపు దశలో గాని దళాలకు చేరలేదు. జూన్ 6 రాత్రి దూకిన ఏ సైనికుడి కార్బైన్‌కూ అది లేదు.

అదే తుపాకిమీద మరో రెండు చోట్ల చూడండి. వెనుక సైటు మీ బొమ్మకు పక్క మరతో జరిపే రకంలా ఉంది. నార్మండీ నాటిది అంతకంటే చాలా సాదా: ఎల్ ఆకారంలో ముందుకూ వెనక్కూ తిప్పే రేకు, రెండు దూరాలకు రెండు కన్నాలు, అంతే. ట్రిగ్గర్ దగ్గరి సేఫ్టీ కూడా అంతే. ఆనాటిది నొక్కే బొత్తాం, తర్వాత వచ్చింది తిప్పే మీట. ఆ మార్పుకు కారణం కూడా తెలుసుకోవలసినది. బొత్తాం పక్కనే మేగజైన్ వదిలే బొత్తాం ఉండేది. కంగారులో సేఫ్టీ తీయబోయి రెండోది నొక్కితే మేగజైన్ ఊడి కింద పడేది. అలాంటి చేదు అనుభవాల తర్వాత వచ్చిన మీటను, ఆ అనుభవాలకు ముందున్న సైనికుడి తుపాకికి పెట్టడం నాకు మింగుడుపడదు. మేగజైన్ మాత్రం సరిగ్గా ఉంది, పదిహేను తూటాలది. ముప్ఫై తూటాల వంపు మేగజైన్ పెట్టిన బొమ్మలూ బజారులో ఉన్నాయి. అది యుద్ధం చివర్లో ఎం2 కార్బైన్‌తో వచ్చింది.

ఈ తప్పు ఒక కంపెనీదో రెండు కంపెనీలదో కాదు, చాలా బొమ్మల్లో ఉంటుంది. ఎందుకని నేను చాలాకాలం ఆలోచించాను. శిల్పి అజాగ్రత్త అనుకునేవాణ్ణి. నిజానికి శిల్పి చాలా జాగ్రత్తగానే పని చేశాడు, అసలు తుపాకిని ముందు పెట్టుకుని కొలతలు తీశాడు. చిక్కంతా ఆ “అసలు” తుపాకిలోనే ఉంది. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం లక్షల కార్బైన్లను ఆయుధాగారాలకు తెప్పించి బాగుచేయించింది. ఆ సందర్భంలోనే పాత పట్టీలు తీసి బుడిపె ఉన్నవి వేశారు, పాత సైట్లు తీసి కొత్తవి బిగించారు, బొత్తాల బదులు మీటలు పెట్టారు. ఈరోజు సేకర్తల దగ్గరా మ్యూజియాల్లోనూ కనిపించే కార్బైన్లలో ఎక్కువ భాగం అలా మారినవే. గొట్టంమీద 1943 అని ముద్ర ఉంటుంది, ఒంటిమీద మాత్రం 1945 తర్వాతి సామాను ఉంటుంది. యుద్ధం చేసినప్పటి తుపాకి వేరు, మిగిలి మనదాకా వచ్చిన తుపాకి వేరు. గరాండ్ రైఫిల్ ఉన్న బొమ్మలకూ ఇదే జరిగింది. యుద్ధకాలపు గరాండ్ వెనుక సైటుకు పక్కన చిన్న అడ్డ కడ్డీ ఉండేది, దాన్ని బిగించి సైటును కదలకుండా చేసేవారు. యుద్ధం తర్వాతి మరమ్మతుల్లో ఆ కడ్డీ పోయి గుండ్రటి మరలున్న రకం వచ్చింది. బొమ్మల్లో నూటికి తొంభై ఆ గుండ్రటి మరలనే చూస్తారు.

నాకు ఇది తెలిసిన తీరు చెబుతాను. అమెరికాలో ఉండే మా అక్కయ్య కొడుకు సెలవులకు వచ్చినప్పుడు నా కోసం ఒక పారాట్రూపర్ బొమ్మ తెచ్చాడు. నాలుగేళ్లు దాన్ని అద్దాల బీరువాలో అందరికంటే ముందు నిలబెట్టాను. ఒకరోజు 1944 జూన్‌లో తీసిన ఒక ఫొటోను భూతద్దంతో చూస్తున్నాను. కంచె పక్కన కూర్చున్న సైనికుడి ఒళ్లో కార్బైన్ ఉంది, గొట్టం ముందు భాగం నున్నగా ఉంది. ఇంకో ఫొటో తీశాను, అందులోనూ నున్నగానే ఉంది. లేచి వెళ్లి బీరువా తీసి బొమ్మను చేతిలోకి తీసుకుంటే బుడిపె కనిపించింది. నాలుగేళ్లలో వందల సార్లు చూసిన బుడిపె. ఆ సాయంత్రం నుంచి నేను బొమ్మను బొమ్మతో గాని, మ్యూజియం వస్తువుతో గాని పోల్చడం మానేశాను. తేదీ ఉన్న ఫొటోతోనే పోలుస్తాను.

బూట్ల సంగతి తేలిక. మీ బొమ్మవి నల్లవి. అమెరికా సైన్యం బూట్లు నలుపుకు మారింది 1950లలో. 1944 పారాట్రూపర్ బూట్లు ఎర్రటి ఛాయ ఉన్న గోధుమ రంగువి. ఎత్తైన పొడవు లేసులు, కాలివేళ్లమీద గట్టి తొడుగు, మడమ ముందు అంచు ఏటవాలుగా కోసి ఉండటం, ఇవన్నీ మీ బొమ్మకు సరిగ్గానే ఉన్నాయి. రంగొక్కటే తప్పింది. పారాట్రూపర్లకు ఆ బూట్లు గర్వకారణం. మామూలు పదాతి సైనికుడు కాన్వాస్ గెయిటర్లు కట్టుకుంటే వీళ్లు ప్యాంటు అంచులను బూట్లలో దోపుకుని తిరిగేవారు. కాబట్టి వేరేచోట రాజీపడినా ఇక్కడ పడకండి.

జెండా చూశాక నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఇది ఒక్క నిమిషం ఆలోచిస్తే తప్పించుకోగలిగిన పొరపాటు. కుడి చేతిమీద అమెరికా జెండా ఉండటం నార్మండీకి సరిపోతుంది. మరో పారాట్రూపర్ డివిజన్ అయిన 82వ దానిలో అది బాగా వాడుక, 101లోనూ కొందరికి కనిపిస్తుంది. కానీ 1944లో అమెరికాకు 48 రాష్ట్రాలే. జెండామీద ఆరు వరుసలు, వరుసకు ఎనిమిది నక్షత్రాలు, నిలువుగా అడ్డంగా తిన్నగా పేర్చినట్టు ఉండేవి. 50 నక్షత్రాల జెండా 1960 జూలై 4న వచ్చింది. ఈ కొలతలో లెక్కపెట్టడం కష్టమే గాని, లెక్కపెట్టనక్కర లేదు. 50 నక్షత్రాల జెండాలో వరుసలు ఒకదానికొకటి పక్కకు జరిగి ఉంటాయి, ఇటుకల గోడలా. మీ అయిదో ఫొటోలో అవి స్పష్టంగా జరిగే ఉన్నాయి.

కోటు గురించి మీ మిత్రుడు అన్నది మాత్రం నేను ఒప్పుకోను. “మోచేతులమీద, మోకాళ్లమీద వేరే గుడ్డ అతుకులు ఉన్నాయి, ఎవరో తర్వాత కుట్టారు” అన్నారట. అవి ఉండవలసినవే! ఎం1942 జంప్ సూటు గుడ్డ మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, జేబుల అంచుల దగ్గర త్వరగా చిరిగిపోయేది. దాడికి ముందు ఇంగ్లండులో పారాచూట్లు మడిచే రిగ్గర్లు కాన్వాస్ ముక్కలు వేసి వాటిని గట్టిపరిచారు, ప్యాంటు పెద్ద జేబులు ఊగకుండా తొడకు కట్టుకునే తాళ్లూ కుట్టారు. మీ బొమ్మకు ఆ తాళ్లు కూడా ఉన్నాయి. తయారీదారు ఇక్కడ శ్రద్ధ పెట్టాడు. ఇంకో చిన్న మెరుగు కావాలంటే, గుడ్డ ఛాయను కాస్త ముదురు చేసి బిరుసుగా కనిపించేట్టు చేయండి. విషవాయువు భయంతో ఆ బట్టలకు రసాయనం పట్టించారు, దాంతో జిడ్డుగా, మడత పడనంత మొండిగా ఉండేవని వాటిని తొడుక్కున్నవాళ్లు చెప్పుకున్నారు. ముదురు ఆకుపచ్చ ఎం1943 కోటు వేసిన “నార్మండీ” పారాట్రూపర్ కనిపిస్తే మాత్రం కొనకండి. ఆ కోటుతో వాళ్లు దూకింది సెప్టెంబరులో, హాలండులో.

హెల్మెట్ పెట్టెలో “ఎం1సీ” అని ఉంది. ఆ పేరు 1945 జనవరిలో గాని అధికారికంగా రాలేదు. మీ బొమ్మకున్నది ఎం2 హెల్మెట్. గడ్డం పట్టీ తగిలే లోహపు కడియం ఆంగ్ల డి అక్షరంలా ఉండి, హెల్మెట్ అంచుకు అతికించి ఉంటుంది, కదలదు. హెల్మెట్ కింద పడితే ఆ అతుకు ఊడేది, అందుకే తర్వాత కదిలే కడియాలు వచ్చాయి. మీ ఫొటోలో కడియం డి ఆకారంలోనే ఉంది, సంతోషించండి. లోపలి లైనర్ పట్టీలు, తోలు గడ్డపు గిన్నె కూడా ఉన్నాయి. పక్కన తెల్లటి ఇస్పేటు గుర్తు ఉంది కాబట్టి ఇతను 506వ రెజిమెంటువాడు. ఆఠీను 502, డైమను 501, కళావరు 327వ గ్లైడర్ రెజిమెంటు. ఇస్పేటు పక్కన చిన్న గీత గడియారంలో మూడు గంటల చోట ఉంటే మొదటి బెటాలియన్, ఆరు దగ్గర ఉంటే రెండు, తొమ్మిది దగ్గర ఉంటే మూడు. మీది ఆరు దగ్గర ఉన్నట్టుంది. వల కప్పడంవల్ల సరిగ్గా తెలియడం లేదు.

క్రికెట్ అనే ఆ ఇత్తడి టిక్‌టిక్ ఆట వస్తువు తప్పేమో అని మీరు సందేహించారు. తప్పు కాదు. చీకట్లో విడిపోయినవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టడానికి 101వ డివిజన్‌కు అవి ఇచ్చారు. ఒకసారి నొక్కితే అవతలివాడు రెండుసార్లు నొక్కాలి. ఇదే బొమ్మ 82వ డివిజన్‌దైతే అదే వస్తువును తప్పు కింద రాసేవాణ్ణి.

ఇంకో విషయం బొమ్మలు చేసేవారు దాదాపు ఎప్పుడూ పట్టించుకోరు. మీ బొమ్మకు పారాచూట్, పొట్టమీది రిజర్వ్ పారాచూట్, పసుపు లైఫ్‌వెస్ట్, కాలికి కట్టే లెగ్‌బ్యాగ్ ఉన్నాయి. వాటితో పాటు కార్బైన్ కాల్చడానికి సిద్ధంగా చేతిలో ఉంది, వీపుమీద సంచి ఉంది. ఇవి ఒకే క్షణానివి కావు. విమానంలో కూర్చున్నవాడి సంచి వీపుమీద ఉండదు, అక్కడ పారాచూట్ ఉంటుంది. సంచి రిజర్వ్ కింద తొడల ముందు తలకిందులుగా వేలాడుతుంది. కార్బైన్ మడిచి కాన్వాస్ ఒరలో తొడ పక్కన ఉంటుంది. నేలమీద దిగి రెండు గంటలైనవాడికి లైఫ్‌వెస్ట్ ఉండదు, పారాచూట్ పొలంలో వదిలేసి ఉంటాడు, లెగ్‌బ్యాగ్ అయితే చాలామందికి పారాచూట్ తెరుచుకున్న కుదుపుకే తెగిపోయి చీకట్లో కలిసిపోయింది. నేనైతే ఈ రెంటిలో ఒకటి ఎంచుకుంటాను. జూన్ 12న కారెంటాన్ పట్టణం చేతికి వచ్చిన రోజు సైనికుణ్ణి నిలబెట్టాలనుకుంటే సామాను సగం తీసేయండి, మోకాళ్లకు మట్టి పట్టించండి. భుజంమీది విషవాయువు పట్టీని (వాయువు తగిలితే రంగు మారే గుడ్డ) ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం.

దేనితో పోల్చాలని అడిగారు. జూన్ 5 సాయంత్రం గ్రీన్‌హ్యామ్ కామన్ విమానక్షేత్రంలో మిత్రదేశాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ 502వ రెజిమెంటువాళ్లతో మాట్లాడుతున్న ఫొటో అందరూ చూసిందే, దానితో మొదలుపెట్టండి. ముఖాలకు మసి, హెల్మెట్ వలలో దోపిన గుడ్డ పీలికలు, పట్టీలు ఎవరికివారు కట్టుకున్న తీరు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక జాగ్రత్త: సెన్సార్‌వారు అలాంటి ఫొటోల్లో భుజంమీది డివిజన్ గుర్తులు చెరిపి విడుదల చేసేవారు. కాబట్టి ఫొటోలో 101వ డివిజన్ గద్ద గుర్తు లేదని మీ బొమ్మ ఎడమ భుజంమీది గద్దను పీకేయకండి. రంగు వేసిన పాత ఫొటోలను రంగు విషయంలో నమ్మకండి. ఇప్పటివాళ్లు ఆనాటి వేషం వేసుకుని తీయించుకున్న ఫొటోలను దేనికీ నమ్మకండి, వాళ్ల చేతుల్లోనూ ఆ మరమ్మతు చేసిన కార్బైన్లే ఉంటాయి.

జర్మన్ బొమ్మల గురించి చివర్లో ఒక ముక్క అడిగారు. అక్కడ వస్తువు తప్పు కావడం కంటే చేయి తప్పు కావడం ఎక్కువ. ప్రతి జర్మన్ బొమ్మకూ ఎంపీ40 సబ్‌మెషిన్‌గన్ ఇస్తారు. నిజానికి పది మంది పదాతి దళంలో అది సాధారణంగా నాయకుడి చేతిలో ఉండేది, మెషిన్‌గన్ చుట్టూ ఉన్న మిగతావాళ్లలో ఎక్కువమంది చేతుల్లో బోల్ట్ తిప్పే కే98 రైఫిళ్లే. భారత జవాను బొమ్మ సొంతంగా చేయాలని ఉందన్నారు, చాలా మంచి ఆలోచన. 1962 చైనా యుద్ధం జవాను అయితే .303 రైఫిల్ ఇవ్వండి, ఎస్‌ఎల్‌ఆర్ (తనంతట తానే తూటా నింపుకునే రైఫిల్) ఇవ్వకండి. ఎస్‌ఎల్‌ఆర్ 1971 జవానుకు సరిపోతుంది. ఇన్సాస్ రైఫిల్ కార్గిల్ కాలానిది.

ఇప్పుడు కత్తి పట్టుకుందాం. కార్బైన్ ప్లాస్టిక్‌దైతే బుడిపెను ఒక్క కోతలో తీయబోకండి, పట్టీ కూడా లేచి వస్తుంది. సన్నటి మొన ఉన్న హాబీ కత్తితో ముందునుంచి వెనక్కి, గోరు చెక్కినట్టు పొరలు పొరలుగా తీయండి. 600 నంబరు శాండ్‌పేపర్‌ను అగ్గిపుల్లకు చుట్టి, తడిపి, గొట్టం గుండ్రదనాన్ని అనుసరిస్తూ రుద్దండి. ముదురు బూడిద రంగు పల్చగా వేసి, ఆరాక మెత్తటి పెన్సిల్ పొడిని వేలితో రాస్తే మిగతా లోహంతో కలిసిపోతుంది. వెనుక సైటును పూర్తిగా తీసి, చల్లని పానీయాల డబ్బా రేకును ఎల్ ఆకారంలో వంచి అతికించవచ్చు. నేను రెండుసార్లు పాడుచేసి మూడోసారి సాధించాను, ఓపిక ఉంటే మీకూ వస్తుంది. బూట్లకు రంగు మార్చే ప్రయత్నం చేయకండి. నల్ల తోలుమీద గోధుమ రంగు నిలవదు, చీలమండ దగ్గర వంగిన చోట పగిలి నలుపు బయటపడుతుంది. గోధుమ రంగు జత విడిగా అమ్ముతారు, అది కొనండి. జెండాను పల్చటి నూలుగుడ్డమీద అచ్చు వేయించి, అంచులు సన్నటి జిగురుతో మడిచి అతికించండి. తీసిన అసలు ముక్కలన్నీ చిన్న కవరులో వేసి పెట్టెలోనే ఉంచండి, రేపు ఎవరికైనా ఇచ్చేటప్పుడు అడుగుతారు.

నడుము పట్టీ రంగు మాత్రం ఇంకా తేల్చలేకపోతున్నాను. మీ ఫొటోలు ట్యూబ్‌లైటు కింద తీసినట్టున్నారు, లేత ఖాకీయో ముదురు ఆకుపచ్చో తెలియడం లేదు. 1943 నుంచి రెండూ కలిసి వాడారు కాబట్టి ఏదైనా తప్పు కాదు. అన్నీ ముదురు ఆకుపచ్చవే అయితే మాత్రం జూన్ 6కు కొంచెం తొందర. పగటి వెలుతురులో, తెల్ల కాగితం పక్కన పెట్టి ఒక ఫొటో తీయండి. అదే ఫొటోలో హెల్మెట్ వల కాస్త పక్కకు జరిపి ఇస్పేటు పక్కన గీత ఎక్కడుందో కనిపించేట్టు చూడండి.